కులగాయం, దేహం, కలిసి చదవడం

వేటపాలెం సారస్వత నికేతనం మన సాహిత్య విద్యార్థులకు కొత్త పేరు కాదు. 1918లో పుట్టిన సంస్థ. భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. గ్రంథాలయోద్యమం గురించి రాసినవాళ్లు అక్కడి పాత పత్రికల సంపుటాల గురించి రాశారు. అక్కడ కూర్చున్న పాఠకుడి వెన్నెముక గురించి రాసినట్టు నేను చూడలేదు.

నేను మొదటిసారి ఆ హాల్లోకి వెళ్లేనాటికి డిగ్రీ చదువుతున్నాను. మాది మాదిగపల్లె. ఎవరూ కులం అడగలేదు, లెమ్మనలేదు. అయినా కుర్చీ అంచు మీదే కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే భుజాలు బిగుసుకుని ఉన్నాయి, ఊపిరి గొంతులోనే ఆడుతోంది. మా నాన్న ఆసామి అరుగు ముందు నిలబడే తీరు అది. నాకెవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చింది.

కులం ఒక భావజాలమని మన వ్యాసాల్లో ఎన్నోసార్లు రాసుకున్నాం. అబద్ధం కాదు గాని, సగం మాట. చెప్పులు చేతబట్టుకోవడం, భుజాన కండువా తీసెయ్యడం, దోసిలి పట్టి పైనుంచి పోసే నీళ్లు తాగడం ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అంబేద్కర్ తన బడి అనుభవం చెప్పినప్పుడు కూడా సిద్ధాంతంతో మొదలెట్టలేదు. విడిగా పరుచుకున్న గోనెపట్టా గురించీ, ప్యూను రాకపోతే దక్కని నీళ్ల గురించీ చెప్పాడు.

చీరాలకు ఒక పక్క వేటపాలెం, మరో పక్క కారంచేడు. 1985 జూలైలో అక్కడి మాదిగల మంచినీటి చెరువును మురికి చేస్తుంటే అడ్డుచెప్పిన యువకుణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన ఒక స్త్రీ తన మీదికి లేచిన దెబ్బకు బిందె అడ్డం ఎత్తింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. దళిత మహాసభ ఆ ఏడే పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పుకు 2008 దాకా పట్టింది. ఈ చరిత్రలో నేను ఆగిపోయేది ఆ చేయి దగ్గర. తరతరాలుగా దించి ఉంచిన చేయి పైకి లేచినందుకు అంత శిక్ష! మన విమర్శకుల కంటే దాడి చేసినవాళ్లకే దేహభాష బాగా తెలుసు.

గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించాలి, సహజమే. మా వాళ్లకు నిశ్శబ్దం కొత్తగా నేర్పనక్కర్లేదు. అందుకే కొన్నేళ్లుగా ఆదివారం సాయంత్రాలు మా చర్చి వరండాలో పదిమందిమి కూడి పైకి చదువుతున్నాం. జాషువా ‘గబ్బిలం’తో మొదలెట్టాం. 1941 నాటి ఆ కావ్యంలో అరుంధతీసుతుడు తన గోడును గబ్బిలంతో కాశీ శివుడికి పంపుతాడు. పద్యానికి ఊపిరి కావాలి. గొంతు మింగేసుకుంటే పాదం చివరిదాకా సాగదు. మిరపకోతలకు పోయే ఒకామె, చదువు రానిది, విని విని నాలుగు పద్యాలు కంఠతా పట్టింది. మొదటిసారి కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. సగంలో ఏడ్చింది. ఊరుకోమని మేమెవరం అనలేదు. ఆమెకు ఊపిరి అందేదాకా, పాదాలు నేలకానించి, అలాగే కూర్చున్నాం. రెండు నెలలకు కొంగు జారింది.

అమెరికాలో నల్లజాతి చికిత్సకుడు రెస్మా మెనకెమ్ 2017లో తెచ్చిన పుస్తకం పేరు ‘మై గ్రాండ్‌మదర్స్ హ్యాండ్స్’, అంటే అవ్వ చేతులు. చిన్నప్పటినుంచీ పత్తి తీసి, కాయ మొనలు గుచ్చుకుని లావెక్కిన వేళ్లు ఆమెవి. జాతివివక్ష గాయం ఆలోచన కంటే ముందు దేహంలో ఉంటుందనీ, మాన్పడమూ అక్కడే మొదలవాలనీ అతని వాదం. ఆ అవ్వ సంగతి నేను తెలుగులో చెబితే మా వరండాలో వ్యాఖ్యానం అవసరం పడలేదు. అందరూ తమ చేతులు చూసుకున్నారు.

భూమీ కూలీ మారకుండా ఊపిరి సరిచేసుకుంటే ఏమొస్తుందని ఒక మిత్రుడడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఊపిరితో సెంటు భూమి రాదు. కాని మొన్నటి కోతలప్పుడు కూలిరేటు అడగడానికి ముందు నిలబడింది ఆ కొంగు జారినామే.

ఈమధ్య మళ్లీ నికేతనానికి వెళ్లాను. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోడానికి నాకు పావుగంట పట్టింది.