ఊరి నడుమ ఆరోగ్యశాల
మనోవ్యాధుల విషయంలో ఇస్లామీయ చరిత్ర నేర్పే పాఠం

ఇటీవల ఒక చిన్న పట్టణంలో మసీదు కమిటీ పెద్దలు మానసిక ఆరోగ్యాన్ని గురించి ఒక సభ జరపాలని తలపెట్టారు. ఉర్దూలో సిద్ధమైన కరపత్రాన్ని తెలుగు చేసే పని ఈ వ్యాస రచయితకు అప్పగించారు. మొదటి వాక్యంలోనే చిక్కు వచ్చిపడింది. అక్కడున్న మాట ‘పాగల్’. దానికి తెలుగులో ముందుగా నోటికి వచ్చే మాట ‘పిచ్చివాడు’. ఆ మాటను అచ్చు వేయిస్తే, ఏ కుటుంబాల కోసం సభ పెడుతున్నామో ఆ కుటుంబాలవారే గడప దాటి రారు. ‘ఉన్మాదగ్రస్తుడు’ అంటే పండితులకు తప్ప బోధపడదు. చివరికి ‘మనసు బాగాలేని మనిషి’ అని రాశాను. కమిటీ పెద్దలలో ఒకరు, “ఒక్క మాట కోసం ఇంత ఆలోచన దేనికండీ?” అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం.

మాట వెనుక ఉన్న చరిత్ర

అరబ్బీలో మతి తప్పినవానిని ‘మజ్నూన్’ అంటారు. దీని ధాతువు జీమ్, నూన్, నూన్. కప్పబడుట, మరుగుపడుట అని దాని అర్థం. కంటికి కనిపించని జీవి ‘జిన్’. తల్లి కడుపులో దాగివున్న శిశువు ‘జనీన్’. చెట్ల నీడ కమ్ముకున్న తోట ‘జన్నత్’. ఇవన్నీ ఆ ధాతువునుండి పుట్టినవే. ఆ లెక్కన మజ్నూన్ అంటే బుద్ధి మరుగుపడినవాడు. మరుగుపడినది నశించినట్లు కాదు, తెర తొలగితే తిరిగి కనబడుతుంది. అయితే ఇదే మాటను ‘జిన్ను పట్టినవాడు’ అనే అర్థంలో వాడినవారూ ఉన్నారు. చికిత్సకు వెళ్ళే దారి, మంత్రగాని దగ్గరకు వెళ్ళే దారి రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మరొక విషయం మనం మరువరాదు. మక్కా అవిశ్వాసులు మహనీయ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై విసిరిన నింద ఈ మాటే. దివ్య ఖుర్ఆన్ ఖలమ్, తక్వీర్ సూరాలలో ఆ నిందను స్పష్టంగా ఖండించింది. తమ ప్రవక్తకే తగిలిన రాయిని ఆ ప్రవక్త అనుచర సమాజం తన ఇరుగుపొరుగు మీద విసరడం ఎంతమాత్రం తగదు.

షరీఅత్ ఇచ్చిన స్థానం

నిద్రించేవాడు మేల్కొనేవరకు, పిల్లవాడు యుక్తవయసు వచ్చేవరకు, మతి తప్పినవాడు తేరుకునేవరకు వారి కర్మలను రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందని హదీసు తెలుపుతున్నది. ఇక్కడ మతి తప్పినవానిని నేరస్థుల సరసన గాక, నిద్రితుని, శిశువు సరసన నిలిపిన తీరు గమనించదగినది. ‘తేరుకునేవరకు’ అన్న షరతులో అతడు తేరుకోగలడన్న ఆశ ఉన్నది. నిసా సూరాలో, తమ ఆస్తిని నిర్వహించుకోలేని వారికి సొమ్ము అప్పగించవద్దని చెబుతూనే, వారికి తిండి, బట్ట సమకూర్చాలని, వారితో మంచిగా మాట్లాడాలని కూడా ఆదేశించబడింది. సంరక్షకుని బాధ్యత సొమ్ము కాపాడటంతో తీరదని, మంచి మాట కూడా రోగికి హక్కుగా చెందుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

దుఃఖం విశ్వాసలోపమనే భావానికీ ఆధారం లేదు. కుమారుని ఎడబాటుతో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) వారి కళ్ళు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ చెబుతున్నది. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన సంవత్సరాన్ని, అనగా క్రీ.శ. 619ని, చరిత్రకారులు ‘దుఃఖ సంవత్సరం’ అనే పేరుతోనే పిలిచారు. ప్రవక్తలకే దుఃఖం కలిగినప్పుడు, దుఃఖించే మనిషిని “నీకు నమాజు చాలలేదు” అని నిందించడం ధర్మమా?

బల్ఖీ గ్రంథం

హి. 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంవాడు. ఆయన రచించిన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ పేరుకు శరీరాల, ఆత్మల క్షేమమని అర్థం. దానిలో మొదటి భాగం దేహాన్ని గురించి, 8 అధ్యాయాల రెండవ భాగం మనసును గురించి. వైద్యులు దేహాన్ని గురించి విస్తారంగా రాస్తూ మనసును ఉపేక్షిస్తున్నారని ఆయన ఫిర్యాదు. కోపం, భయం, దుఃఖం, పదేపదే వేధించే ఆలోచనలు (వస్‌వాస్) అని మనోబాధలను విడదీసి ఒక్కొక్కదానికి అధ్యాయం కేటాయించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దిగులు వేరు అని గుర్తించి, రెండవదానికి దేహచికిత్స కూడా అవసరమన్నాడు.

మన ప్రస్తుత విషయానికి మిక్కిలి అవసరమైన సలహా ఒకటి ఆయన ఇచ్చాడు. ఆపద వేళకు ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే మంచి ఆలోచనలను సమకూర్చుకొని ఉంచుకోవాలన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవారికి ముందుగానే తెలియజెప్పాలన్న ఈ భావాన్నే నేడు మనం అవగాహన కార్యక్రమం అంటున్నాం.

ఈ గ్రంథం శతాబ్దాలపాటు ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా గ్రంథాలయపు రాతప్రతుల్లో నిద్రించింది అంటే అతిశయోక్తి కాదు. 1984లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాని ప్రతిబింబ ముద్రణ వెలువడేవరకు పండితులకు సైతం అది అందుబాటులో లేదు. ఖైరవాన్‌లో ఇస్‌హాఖ్ ఇబ్న్ ఇమ్రాన్ దిగులు జబ్బుపై రాసిన గ్రంథం ఇందుకు భిన్నంగా 11వ శతాబ్దంలోనే లాటిన్‌లోకి వెళ్ళి ఐరోపా వైద్యులకు పాఠ్యమైనది. అనువాదం జరిగిన గ్రంథం లోకానికి ఉపయోగపడింది, జరగని గ్రంథం అల్మరాలో మిగిలింది.

బీమారిస్తాన్‌లు

గ్రంథాలకన్న ఎక్కువగా ప్రజలకు బోధించినవి ఆసుపత్రులు. ‘బీమారిస్తాన్’ అనే పార్శీ మాటకు రోగుల నివాసమని అర్థం. నూరుద్దీన్ జంగీ 1154లో దమస్కస్‌లో కట్టించిన ఆసుపత్రి, సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ 1284లో కైరోలో కట్టించిన ఆసుపత్రి, 1354లో అలెప్పోలో వెలసిన అర్గూన్ ఆసుపత్రి, రెండవ బాయజీద్ పాలనలో 1488లో ఎదిర్నేలో పూర్తయిన ఆసుపత్రి వీటిలో పేరుపొందినవి. ఖలావూన్ తాను సేనానిగా ఉండగా దమస్కస్‌లో జబ్బుపడి, నూరుద్దీన్ ఆసుపత్రి మందులతో కోలుకున్నాడనీ, ఆ కృతజ్ఞతే కైరో ఆసుపత్రికి ప్రేరణ అనీ చరిత్రకారులు రాశారు.

వీటిలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, వీటిలో చాలావరకు ఊరి వెలుపల కట్టినవి కావు. కైరో ఆసుపత్రి నగరపు ప్రధాన వీధిలో, మదరసా, సమాధి మందిరాలతో కలిసి ఉన్నది. రెండవది, ఇతర రోగులకు చికిత్స జరిగే ఆవరణలోనే మనోరోగులకూ ప్రత్యేక భాగం ఉండేది. మూడవది, ఖర్చు పాలకుని దయమీద గాక వక్ఫ్ ఆస్తుల రాబడిమీద నడిచేది. అలెప్పో ఆసుపత్రిలో మనోరోగుల గదులు నీటి తొట్టి ఉన్న లోపలి ముంగిలి చుట్టూ ఉన్నాయి. ఎదిర్నేలో వారానికి మూడు రోజులు గాయకులు, వాద్యకారులు రోగులకు సంగీతం వినిపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. ఆ భవనం నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాల.

మన హైదరాబాదులోనూ ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా 1595 ప్రాంతంలో దారుష్షిఫాను చార్మినారుకు దూరంగా గాక, నగరం నడుమనే నిర్మించాడు. ఆ మొహల్లా నేటికీ అదే పేరుతో పిలువబడుతున్నది.

దాచరాని మరొక వైపు

గతాన్ని కీర్తించి ఊరుకోవడం చరిత్ర రచన కాదు. 1183, 1184లలో ఈజిప్టు, సిరియాలు దర్శించిన ఇబ్న్ జుబైర్ ఈ ఆసుపత్రులను మెచ్చుకుంటూనే, కైరోలో మనోరోగుల గదులకు ఇనుప కటకటాలు ఉన్నాయనీ, దమస్కస్‌లో వారిని గొలుసులతో బంధించేవారనీ రాశాడు. ఆనాటి వైద్యానికి అదుపు తప్పిన రోగిని శాంతింపజేసే సాధనాలు కొద్దివే. ఆ కారణం ఆనాటికి చెల్లుతుందేమో గాని నేటికి చెల్లదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఎర్వాడిలో, దర్గాకు వచ్చే మనోరోగులను ఉంచిన ఒక ప్రైవేటు నివాసంలో నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మరణించారు. ఆ రోగులను అక్కడికి తెచ్చినవారు శత్రువులు కారు, కన్నవారు, తోబుట్టువులు. వారికి ప్రేమ లేక కాదు, మరొక దారి ఉన్నదని చెప్పినవారు లేక. మనస్సాక్షి ఉన్న ప్రతి ముస్లిం ఈ సంఘటన ముందు తలవంచవలసిందే.

చట్టం కూడా నెమ్మదిగా మారింది. 1858, 1912 నాటి చట్టాలు రోగిని ‘వెర్రివాడు’ అనే అర్థం వచ్చే మాటతోనే పేర్కొన్నాయి. 1987 చట్టం ఆ మాటను వదిలింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా గుర్తించి, రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. అయినా 2015-16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉండగా, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు.

సభ జరిపేవారికి

ఈ చరిత్రనుండి సభా నిర్వాహకులు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి.

సభ ఊరి నడుమ జరగాలి. మసీదు ప్రాంగణమో, మదరసా హాలో, అందరికీ అలవాటైన చోటు కావాలి. స్త్రీలు రావడానికీ, అడగడానికీ వసతి ఉండాలి. ఇంటిలో రోగికి అన్నం తినిపించేది చాలావరకు వారే.

వేదికపై ఆలిం, వైద్యుడు పక్కపక్కన కూర్చోవాలి. అల్లాహ్ మందు లేని జబ్బును దింపలేదన్న హదీసును ఆలిం వివరిస్తే, ఆ మందు ఏదో వైద్యుడు చెప్పాలి. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 2008లో మొదలైన ‘దవా-దువా’ కార్యక్రమం ఇందుకు నిదర్శనం. అక్కడ దర్గా సేవకులే రోగులను వైద్యుని వద్దకు పంపుతారు. దువా మాన్పించలేదు, దానికి దవా తోడు చేశారు.

రోగిని వేదిక ఎక్కించి ప్రదర్శించరాదు. కోలుకున్నవారు తామై మాట్లాడదలిస్తే వేరు. ప్రశ్నలను పేరు లేని చీటీలపై రాయించి పెట్టెలో వేయించడం మేలు. కరపత్రంలో నింద ధ్వనించే మాట ఒక్కటి కూడా ఉండరాదు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను పెద్ద అక్షరాలలో వేయాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది సభ ముగిసిన మరునాడు. 1992నుండి అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినంగా పాటించబడుతున్నది. ఆ ఒక్క రోజు ఉపన్యాసాలతో మందులు రావు. మన పూర్వులు ఆసుపత్రి కట్టి ఆగలేదు, అది నడిచేందుకు దుకాణాల అద్దెలు వక్ఫ్ చేశారు. పేద రోగి నెలనెలా పట్నం ఆసుపత్రికి వెళ్ళే బస్సు చార్జీ, మందుల ఖర్చు, వెంట వెళ్ళే ఒక మనిషి, ఈ మూడూ ఏర్పాటు చేయగలిగిన కమిటీ చిన్న బీమారిస్తాన్‌ను కట్టినట్లే.

ఆ పట్టణంలో సభ జరిగింది. కరపత్రంలో ‘మనసు బాగాలేని మనిషి’ అన్న మాటే ఉన్నది. సభ తర్వాత ఒక వృద్ధుడు కరపత్రం మడిచి చేతబట్టుకొని వచ్చి, “మా చిన్నవాడి గురించి రాసినట్లుందయ్యా” అన్నాడు. ఒక్క మాట కోసం అంత ఆలోచన దేనికో కమిటీ పెద్దలకు అప్పుడు వేరుగా చెప్పవలసిన పని లేకపోయింది.

మరుగుపడిన బుద్ధులపైనుండి తెరలు తొలగించి, మన నాలుకలను నిందనుండి కాపాడుమని అల్లాహ్‌ను వేడుకొందాం. ఆమీన్.