నూరు మైళ్ళ నక్షత్రం

పంపు స్టవ్వు మీద వంట చేసిన రోజులు మనలో పెద్దవాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. కిరసనాయిలు పోసి, స్పిరిటు వెలిగించి, నాలుగు పంపులు కొడితే నీలం మంట బుస్సుమని రావాలి. రాలేదంటే నిపిల్లో నలక పడిందన్నమాట. పిన్ను పెట్టి పొడిస్తే మళ్ళీ మంట వచ్చేది. అదేపనిగా పొడిచి పొడిచి ఆ కన్నం పెద్దదైపోయిందా, మంట ఎర్రబడి గిన్నెల అడుగంతా మసి. సూదిమొనంత కన్నం, కాని పూటపూటా వంట దానిమీదే ఆధారపడి ఉండేది. ఈవేళ మీకు చెప్పదలచుకున్న కథ కూడా అలాంటి చిన్న కన్నం చుట్టూ తిరిగేదే. కాకపోతే ఇది వంటింటి కథ కాదు, మోటారు సైకిలు పందేల కథ. అందులో ముఖ్యురాలు బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంగ్లీషు ఆవిడ.

మోటారు సైకిళ్ళతో మనకేం పని అని రేడియో కట్టేయకండి, కొంచెం ఓపిక పట్టండి.

షిల్లింగ్ 1909 మార్చి 8న ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతంలో పుట్టింది. తండ్రిది మాంసం కొట్టు. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు బొమ్మలకంటే మెకానో సామాను మీద సరదా ఎక్కువ. మరలు బిగించి ఒక రాట్నం నమూనా తయారుచేసి బహుమతి కూడా తెచ్చుకుంది. 14వ ఏట సొంతానికి ఒక పాత మోటారు సైకిలు సంపాదించింది. ఎక్కి తిరగడంతో సరిపెట్టుకోలేదు. దాన్ని విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం, అదే ఆటైపోయింది.

స్కూలు చదువయ్యాక డెవన్ ప్రాంతంలో పల్లెలకు కరెంటు వేయించే మార్గరెట్ పార్ట్రిడ్జ్ అనే ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. ఈ పార్ట్రిడ్జ్, 1919లో లండనులో పుట్టిన మహిళా ఇంజనీర్ల సంఘంలో ముఖ్యురాలు. ఆ సంఘం పేరు వింటే మనకు మన అయ్యలసోమయాజుల లలితగారు గుర్తుకు రావాలి. 18వ ఏటనే భర్తను పోగొట్టుకుని, పసిబిడ్డను పెంచుకుంటూ మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన తెలుగావిడ. 1965లో ఆవిడ ఈ సంఘంలోనే సభ్యురాలయ్యారు.

సరే, అసలు కథకు వద్దాం. పార్ట్రిడ్జ్ ప్రోత్సాహంతో షిల్లింగ్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరి 1932లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా, మరుసటి ఏడు మెకానికల్‌లో పై పట్టా పుచ్చుకుంది. తరువాత ఒంటి సిలిండరు ఇంజన్ల మీద జరిగే పరిశోధనలో సహాయకురాలుగా కుదిరింది. పగలల్లా కొలతలు, లెక్కలు. తీరిక దొరికితే తన 500 సి.సి. నార్టన్ మోటారు సైకిలు. దానికీ ఒకే సిలిండరు. పగటి పాఠానికీ సాయంత్రపు సరదాకూ అలా లంకె కుదిరింది.

ఈ సరదాకు రంగస్థలం బ్రూక్‌లాండ్స్. లండనుకు నైరుతి దిక్కున వేబ్రిడ్జ్ దగ్గర లాక్ కింగ్ అనే భూస్వామి తన సొంత స్థలంలో 1907లో కట్టించిన పందెపు బాట అది. చుట్టు 2.75 మైళ్ళు, వెడల్పు 100 అడుగులు, అంతా కాంక్రీటు. మలుపుల దగ్గర బాట పళ్ళెం అంచులా పైకి లేచి ఉంటుంది. ఆ అంచు ఎత్తు దాదాపు 30 అడుగులు, మూడంతస్తుల మేడంత. కాలం గడిచేకొద్దీ కాంక్రీటు కుంగి ఎక్కడికక్కడ గతుకులు పడ్డాయి. వే నది మీద వంతెన దగ్గర బళ్ళు గాలిలోకి ఎగిరి పడేవి. ఆ రోజుల్లో మోటారు సైకిళ్ళకు వెనక చక్రం దగ్గర స్ప్రింగులు ఉండేవి కావు. ఎగిరి పడ్డప్పుడల్లా ఆ దెబ్బ నడిపేవాళ్ళ వెన్నుకే తగిలేది.

ఇక్కడొక తమాషా చెప్పాలి. ప్రారంభోత్సవం నాడు ఊరేగింపులో ముందు కారు నడిపింది లాక్ కింగ్ భార్య ఎథెల్. అయినా ఆడవాళ్ళను పందెంలోకి రానివ్వడానికి నిర్వాహకులు తటపటాయించారు. 1908లో వాళ్ళకోసం ఒక పందెం జరిపి, మళ్ళీ చాలా ఏళ్ళు తలుపులు మూసేశారు.

మోటారు సైకిళ్ళ పందేలు నడిపే క్లబ్బు ఒకటి 1909లో పుట్టింది. బ్రిటిష్ మోటార్ సైకిల్ రేసింగ్ క్లబ్బు దాని పేరు. కంపెనీల బళ్ళ మీద పందేలకొచ్చే ఆరితేరిన వాళ్ళూ, వారమంతా ఉద్యోగం చేసుకుని వచ్చే మామూలు వాళ్ళూ ఒకే వరసలో నిలబడేవారు. క్లబ్బు పందెంలో గంటకు 100 మైళ్ళు, అంటే 160 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఒక చుట్టు పూర్తిచేసిన వాళ్ళకు కోటుకు పెట్టుకునే చిన్న బంగారు నక్షత్రం ఇచ్చేవారు. ఆ బిళ్ళకోసం ప్రాణాలకు తెగించేవారు. 1937లో ఒకాయన బి.ఎస్.ఏ. బండి మీద ఆ నక్షత్రం సంపాదిస్తే, ఆ కంపెనీ తన కొత్త మోడలుకు గోల్డ్ స్టార్ అనే పేరు పెట్టుకుంది. ఆ పేరు తరువాత ప్రపంచమంతా తిరిగింది.

మరి కొట్లో కొన్న బండి కొన్నట్టే 100 మైళ్ళు పరుగెత్తదు. దాన్ని పందేనికి తయారుచేయడాన్నే ట్యూనింగు అంటారు. వీణకు శ్రుతి చేయడానికీ ఇదే మాట. పెద్ద మార్పులంటూ ఉండవు, అన్నీ వెంట్రుకవాసి మార్పులే. ఇంజనులోకి గాలి పోయే దారిని ఆకురాయితో నున్నగా చేయడం, సిలిండరులో గాలి మరింత గట్టిగా నొక్కుకునేటట్టు పిస్టను మార్చడం, గొలుసు పళ్ళచక్రాన్ని ఒక పన్ను అటో ఇటో సరిచూసుకోవడం. అన్నిటికన్నా కష్టమైంది గాలికీ ఇంధనానికీ పాళ్ళు కుదర్చడం. కార్బురేటరులో ఇంధనం వచ్చే చిన్న ఇత్తడి మరను జెట్ అంటారు. మన స్టవ్వు నిపిల్ లాంటిదే. దాని కన్నం చిన్నదైతే ఇంధనం చాలక ఇంజను మాడిపోయి పిస్టనుకు చిల్లు పడుతుంది, పెద్దదైతే బండి పొగలు కక్కుతూ మూలుగుతుంది. బ్రూక్‌లాండ్స్‌లో చాలామంది పెట్రోలు బదులు ఆల్కహాలు పోసేవారు. అది ఇంజనును చల్లగా ఉంచుతుంది, కాని పెట్రోలుకు రెట్టింపు పైన పడుతుంది. జెట్లన్నీ మళ్ళీ మొదటికి.

పాళ్ళు కుదిరాయో లేదో తెలుసుకునే పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది. బండిని పూర్తి వేగంతో పరుగెత్తించి, చటుక్కున ఇంజను ఆపేసి, స్పార్కు ప్లగ్గు ఊడదీసి దాని రంగు చూస్తారు. తెల్లగా ఉంటే మాడుతోంది, నల్లగా ఉంటే ఇంధనం ఎక్కువైంది, గోధుమరంగుకు తిరిగితే సరి. అట్టు తిరగేసి చూసుకున్నట్టే. జెట్ మార్చడం, మళ్ళీ ఒక చుట్టు, మళ్ళీ ప్లగ్గు ఊడదీయడం. సాయంత్రం దాకా ఇదే పని. చేతులనిండా మసి, గోళ్ళలో గ్రీజు.

ఇంకో మాట. ఆ బళ్ళలో పోసే నూనె ఏమిటో తెలుసా? ఆముదం! విపరీతమైన వేడికి కూడా పట్టు వదలని నూనె అదే. కాస్ట్రాల్ అనే పేరు ఆముదం ఇంగ్లీషు పేరులోంచే వచ్చింది. పందెం బాటల చుట్టూ కాలిన ఆముదపు వాసన కమ్ముకుని ఉండేదట. నల్లగొండ వైపు ఆముదపు చేల మధ్య పెరిగిన వాళ్ళకు అది బాగా తెలిసిన వాసనే అయ్యేది కాబోలు.

1934 ఆగస్టు 24న షిల్లింగ్ తన నార్టన్ మీద గంటకు 100 మైళ్ళ పైచిలుకు వేగంతో చుట్టు పూర్తిచేసి నక్షత్రం సంపాదించింది. నోయెల్ పోప్ లాంటి ఆరితేరిన వాళ్ళను కూడా పందేల్లో ఓడించింది. బ్రూక్‌లాండ్స్ మూతపడేలోగా ఈ నక్షత్రం దక్కిన ఆడవాళ్ళు మొత్తం ముగ్గురే. అదే ఏడు అంతకుముందు ఫ్లారెన్స్ బ్లెంకిరన్, తరువాత షిల్లింగ్, 1939లో థెరిసా వాలక్. ఈ బ్లెంకిరన్, వాలక్ ఇద్దరూ 1934 చివర్లో సైడ్‌కారు తగిలించిన మోటారు సైకిలు మీద లండనులో బయల్దేరి, సహారా ఎడారి దాటి, మరుసటి ఏడు కేప్‌టౌన్ చేరుకున్నారు. అదొక పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకోవాలి.

1936లో షిల్లింగ్ ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరింది. అక్కడే జార్జ్ నేలర్‌తో పరిచయమైంది. తనలాగే ఆయన కూడా బ్రూక్‌లాండ్స్‌లో 100 మైళ్ళ నక్షత్రం తెచ్చుకుంటే గాని పెళ్ళాడనని ఆమె షరతు పెట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. మన పురాణాల్లో విల్లెక్కుపెట్టమన్నది కన్యాదాత. ఇక్కడ పెళ్ళికూతురే! షరతు సంగతి ఎలా ఉన్నా, నేలర్ నక్షత్రం తెచ్చుకున్నాడు, 1938లో పెళ్ళి జరిగింది.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. బ్రూక్‌లాండ్స్‌లో పందేలు ఆగిపోయి, ఆ స్థలమంతా విమానాల తయారీకి పోయింది. 1940లో జర్మన్ విమానాలను ఎదుర్కొన్న స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకు మెర్లిన్ ఇంజన్లు ఉండేవి. మంచి ఇంజన్లే గాని వాటికొక జబ్బు. పైలట్ విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి దించితే కార్బురేటరులో పెట్రోలు పైకెగిరి ఇంజను ఒక్క క్షణం తడబడేది. ఆ వెంటనే పంపు తోసుకొచ్చే పెట్రోలు అడ్డూ ఆపూ లేకుండా పొంగిపోయి ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. జర్మన్ ఇంజన్లలో కార్బురేటర్లు లేవు, పెట్రోలు పిచికారీ చేసే పద్ధతి ఉండేది. అందుకని వాళ్ళు నిటారుగా కిందికి దూకి తప్పించుకునేవారు. వెంటాడేవాడు విమానాన్ని పల్టీ కొట్టించి దిగాలి. ఆ కాస్త ఆలస్యంలో ప్రాణాలు పోయేవి.

షిల్లింగ్ చూపిన ఉపాయం ఒక చిన్న ఇత్తడి బిళ్ళ. మధ్యలో కన్నం. ఇంజను పూర్తి బలంతో తిరగడానికి ఎంత పెట్రోలు కావాలో సరిగ్గా అంతే పోయేటట్టు ఆ కన్నం కొలత. దాన్ని పెట్రోలు గొట్టంలో కార్బురేటరుకు ముందు బిగిస్తే చాలు, పొంగడం తగ్గిపోయింది. ఇంజను విప్పనక్కర్లేదు, విమానాన్ని కార్ఖానాకు పంపనక్కర్లేదు. జెట్లు మార్చి మార్చి ప్లగ్గు రంగు చూసిన చేతికి అలాంటి ఆలోచన తట్టడంలో నాకేమీ వింత కనిపించలేదు. ఎటొచ్చీ అది జబ్బుకు పూర్తి మందు కాదు. తలకిందులుగా ఎగరడం అప్పటికీ కుదరలేదు. 1943లో కొత్తరకం కార్బురేటర్లు వచ్చాక గాని ఆ బాధ తీరలేదు. కాని ఆ రెండేళ్ళూ గడిపింది ఆ బిళ్ళే.

1941 మార్చి నుంచి ఆమె చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని విమాన స్థావరాలు తిరిగి ఆ బిళ్ళలు బిగించే పని చూసింది. చాలాచోట్లకు వెళ్ళింది ఆ నార్టన్ మీదే. పైలట్లు ఆ బిళ్ళకు మిస్ షిల్లింగ్ పేరు తగిలించి ఒక ముద్దు పేరు పెట్టారు. అందులో మోటు హాస్యముంది, రేడియోలో విడమరచి చెప్పడం బాగుండదు. నాకు వచ్చిన ఉక్రోషం మాత్రం వేరు. అప్పటికి ఆమె మిస్ షిల్లింగ్ కాదు, పెళ్ళయి మూడేళ్ళయిన మిసెస్ నేలర్.

యుద్ధమయ్యాక భార్యాభర్తలిద్దరూ కార్ల పందేల్లోకి దిగారు. ఆమె 1969 దాకా ఫార్న్‌బరోలోనే పనిచేసి, 1990 నవంబరులో కన్నుమూసింది. బ్రూక్‌లాండ్స్‌లో మళ్ళీ పందేలు జరగలేదు. పళ్ళెం అంచులాంటి ఆ పాత కాంక్రీటు గోడ కొంతమేర ఇప్పటికీ మిగిలి ఉంది. దాని పక్కనే మ్యూజియం పెట్టారు.