సంత నుంచి సంఘం దాకా: అరకు గిరిజన వ్యాపారంలో నిర్ణయాధికారం

తూర్పు కనుమల గిరిజనులకు వ్యాపారం కొత్త కాదు; అరకు పరిసరాల్లో వారపు సంతే వారి అంగడి. అయితే అక్కడ తూకం, ధర, అప్పు షావుకారు చేతిలో ఉండేవి. దీనికి ప్రత్యామ్నాయంగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొని, డిపోల ద్వారా నిత్యావసరాలు అందించింది. కానీ ధరను నిర్ణయించే అధికారం షావుకారు నుంచి సంస్థకు మారిందే తప్ప గిరిజనులకు దక్కలేదు.

నీడచెట్ల కింద, కుటుంబ శ్రమతో పండే కాఫీ కొండవాలు సేద్యానికి ఒదిగింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. పంట ఒదిగినంతగా పథకాలు ఒదిగాయా అన్నదే ప్రశ్న. 2018లో ఆరంభమైన వన్‌ధన్ పథకం 20 మంది చొప్పున 15 స్వయంసహాయక సంఘాలను ఒక కేంద్రంగా నిర్దేశించింది. వ్యక్తికి బదులు సమూహాన్ని ఎంచుకోవడం గిరిజన సంస్కృతికి సన్నిహితమే. అయితే ఆ సంఖ్య కార్యాలయం నిర్ణయించినది. కొండల్లో సమూహాన్ని నిర్ణయించేవి ఊరు, బంధుత్వం. ఈ నిర్ణయాధికారం ఊరికి దక్కినప్పుడే చేయూత స్వావలంబనగా మారుతుంది.