త్రిబుల్ ఐటీ గేటు దగ్గర అమ్మానాన్నలు

బాసర స్టేషన్లో రైలు ఆగగానే ముందు సామాను దిగుతుంది, తర్వాత మనుషులు. మూత మీద తెల్ల పెయింటుతో పేరు, ఊరు, మండలం రాసిన ట్రంకు పెట్టె. కొత్త బకెట్టు, అందులో మగ్గు, చీపురు, తాళంకప్ప. పరుపు చుట్ట నెత్తిన పెట్టుకున్న నాన్న. మురుకుల డబ్బా మూత ఊడకుండా కొంగులో చుట్టి పట్టుకున్న అమ్మ. అందరికన్నా వెనక, కొత్త చెప్పులు కరుస్తుంటే ఒక కాలు ఈడ్చుకుంటూ, నిన్నగాక మొన్న పదో తరగతి దాటిన పిల్ల.

బయట ఆటోవాళ్లు అడిగేది ఒక్కటే మాట. "గుడికా, కాలేజీకా?"

అడగక్కర్లేదు కూడా. గుడికి వచ్చినవాళ్ల చేతిలో పలకా బలపం ఉంటాయి, చంకలో అక్షరాభ్యాసానికి తెచ్చిన చంటివాడుంటాడు. కాలేజీకి వచ్చినవాళ్ల చేతిలో ప్లాస్టిక్ ఫైలుంటుంది. అందులో పదో తరగతి మెమో, టీసీ, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. వాన పడితే మనిషి తడిసినా పర్లేదన్నట్టు ఆ ఫైలును చొక్కా లోపల పెట్టుకుంటారు. చాలామంది రెండు చోట్లకూ వెళ్తారు. పొద్దున్నే గోదావరిలో మునక, జ్ఞాన సరస్వతి దర్శనం, నుదుటిన పసుపు. ఆ పసుపుతోనే క్యాంపస్ గేటు దగ్గరికి వస్తారు. పన్నెండేళ్ల కింద ఇదే గుళ్లో ఈ పిల్ల చేత 'ఓం' దిద్దించామని దారిపొడుగునా చెప్పే తల్లి కూడా ఉంటుంది ఆ ఆటోలో. పిల్ల సిగ్గుతో తల తిప్పుకుంటుంది.

గేటు దగ్గర నిలబడి చూడండి. వరుస అప్పటికే రోడ్డు దాకా వచ్చింది. వానాకాలం, నాట్ల రోజులు. పొలం మధ్యలో వదిలి వచ్చినవాళ్లే సగం మంది. "ఇయ్యాల పోతే రేపు కూలోళ్లు దొరకరు సారూ, జర జల్ది కానియ్యుండ్రి," అని వాచ్‌మన్‌ను బతిమాలుతున్నాడు ఒకాయన. పంచె అంచున ఎండిన బురద అట్లాగే ఉంది. "పిల్లతోని ఇద్దరే లోపలికి," అంటాడు వాచ్‌మన్. వచ్చింది అయిదుగురు. తాత ఉన్నాడు, మేనమామ ఉన్నాడు, చెల్లెలుంది. ఎవరు ఆగాలన్నది అక్కడికక్కడ తేల్చుకోవాలి. తాత తనే పక్కకు జరిగి ట్రంకు పెట్టె మీద కూర్చుంటాడు. సామానుకు కాపలా ఎవరో ఒకరుండాలిగా!

లోపల షామియానా. ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్ల దగ్గరికి, అక్కడి నుంచి మూడో దానికి. ఫారం ఇంగ్లీషులో ఉంది. పిల్లకు పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి, ఇంగ్లీషులో కూడా. అయినా 'గార్డియన్' అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాన్న పేరు పైన రాసింది, మళ్లీ ఇక్కడెవరు? వెనక నుంచి అమ్మ గొంతు: "మామ పేరు రాయి." "వద్దు, నాయిన పేరే." అటుగా పోతున్న ఒక సీనియర్ అమ్మాయి ఆగింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో నీళ్ల సీసా.

"అమ్మా, మీరు కూసోండి, నేను చూస్త. ఏ ఊరు మీది?"

ఊరు చెప్పారు.

"మా చిన్నమ్మోళ్లది మీ పక్కూరే."

అంతే, ఆ తల్లి ముఖం మారిపోయింది. ఆ రోజంతట్లో విశ్వవిద్యాలయం ఆ కుటుంబానికి స్వాగతం చెప్పింది ఆ ఒక్క మాటతోనే అని నేనంటాను. గేటుకు కట్టిన ఫ్లెక్సీని ఎవరూ చదవలేదు.

ఈ సంస్థ పుట్టిందే ఇలాంటి ఇళ్ల కోసం. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పేరిట బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు క్యాంపస్‌లు మొదలయ్యాయి. పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, కలిపి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివించడం దాని పద్ధతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి ఈ ప్రయత్నానికి తొలినాళ్లలో పెద్దదిక్కుగా నిలిచారు. మొదటి బ్యాచ్‌ల పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లిచ్చారు. గ్రేడ్ల కాలంలో సర్కారు బడి పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలిపి మరీ సీట్లిచ్చారు. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు తోడయ్యాయి. జనం నోట మాత్రం అన్నీ 'త్రిబుల్ ఐటీ'లే.

మిగతా విశ్వవిద్యాలయాలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ఉస్మానియాలో పీజీ చేరేవాడు ఒంటరిగా బస్సు దిగి, హాస్టల్లో మంచం తనే వెతుక్కుంటాడు. ఇక్కడ చేరేది పదిహేనేళ్ల పిల్ల. ఇప్పటిదాకా అమ్మమ్మ ఊరు తప్ప ఇల్లు దాటి ఒక రాత్రి గడపని పిల్ల. కాబట్టి సీటు పిల్ల పేరున వచ్చినా ఆ రోజు లోపలికి అడుగు పెట్టేది మొత్తం ఇల్లు. ఈ సంగతి తెలిసిన సిబ్బంది దగ్గర పని సాఫీగా జరుగుతుంది. తెలియనివాళ్లు "పేరెంట్స్ పక్కకు జరగండి" అని మైకులో అరుస్తుంటారు.

మూడో బల్ల దగ్గర ఇంకో కాగితం వచ్చింది. ర్యాగింగ్ చేయనని పిల్ల, చేయనివ్వనని తల్లో తండ్రో రాసివ్వాల్సిన అఫిడవిట్. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఇద్దరూ ఇవ్వాల్సిందే. ఆ తల్లి బీడీలు చుడుతుంది. నిర్మల్, నిజామాబాద్ వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి పని అదే. సంతకం రాదు. స్టాంపు ప్యాడు ముందుకు జరిపారు. బొటనవేలు ఒత్తింది, గీతలు సరిగా పడలేదు. మళ్లీ ఒత్తింది. "గిండ్ల ఏం రాసుంది?" అని అడిగింది బల్ల వెనకాయన్ని. ఆయన తల ఎత్తి చూశాడు, వెనక వరుస చూశాడు. ఒక్క క్షణం ఆగి, "మీ బిడ్డను ఎవరన్నా ఏడిపిస్తే మాకు చెప్పాలె, మీ బిడ్డ ఎవర్నీ ఏడిపించొద్దు. గంతే," అన్నాడు. ఆ పదకొండు మాటలకు అర నిమిషం కూడా పట్టలేదు. కాగితం కింద ఉన్న 1800-180-5522 అన్న హెల్ప్‌లైన్ నంబరును సీనియర్ అమ్మాయి ఆమె పాత ఫోన్లో ఎక్కించి పెట్టింది.

మధ్యాహ్నం హాల్లో సమావేశం. వేదిక మీద పెద్దవాళ్లు విజన్, ఇన్నోవేషన్, ప్లేస్‌మెంట్ గురించి మాట్లాడుతున్నారు. కుర్చీల్లో తండ్రులు బుద్ధిగా వింటున్నారు, కొందరు తెల్లవారుజాము ప్రయాణం బడలికకు తూగుతున్నారు. ప్రసంగాల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ప్రశ్నలడగమన్నప్పుడే హాలు మేలుకుంది.

"జరమొస్తే ఎవలు చూస్తరు సారూ?"

"చూడబుద్ధయితే ఎప్పుడు రావాలె?"

"తెలుగు మీడియం నుంచి అచ్చింది. ఇంగ్లీష్ల చెప్తే అర్థమైతదా?"

ఆరోగ్య కేంద్రం గురించి, ఔట్‌పాస్ గురించి జవాబులు వచ్చాయి. మూడో ప్రశ్నకు వేదిక మీది జవాబు కన్నా పక్క గోడకు ఆనుకుని నిలబడ్డ బీటెక్ కుర్రాడి మాట బాగా పనిచేసింది. "నేను గూడ తెలుగు మీడియమే కాకా. మొదట్ల ఏం సమజ్ కాలే, రోజూ ఏడుపే. తర్వాత అదే అలవాటైంది. మేమున్నం గదా," అన్నాడు. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

తర్వాత ఒక తండ్రి లేచి, అందరి మనసులో ఉన్నదే అడిగాడు. "అన్నం మంచిగుంటదా? మొన్న టీవీల చూసినం."

ఆయన 'మొన్న' అన్నది 2022 సంగతి. ఆ జూన్‌లో ఈ క్యాంపస్ విద్యార్థులు వారం పాటు ఎండకూ వానకూ బయటే కూర్చుని నిరసన తెలిపారు. మెస్ భోజనం దగ్గర నుంచి పూర్తికాల వీసీ దాకా వాళ్ల డిమాండ్లలో ఉన్నాయి. విద్యామంత్రి వచ్చి మాట్లాడాకే విరమించారు. అన్నేళ్లు గడిచినా తల్లిదండ్రుల లెక్కలో అది మొన్నటి మాటే. ఇలాంటి ప్రశ్నను నవ్వి దాటేస్తే స్వాగతం అక్కడితో చెడుతుంది. "మెస్ చూపిస్తాం, మీరే రుచి చూడండి, బాగాలేకపోతే ఇప్పుడే చెప్పండి" అంటే నిలబడుతుంది.

ఇక హాస్టల్. అమ్మాయిల హాస్టల్ మెట్ల దగ్గరే మగవాళ్లను ఆపేస్తారు. నాన్న పరుపు చుట్టను అక్కడ దించి నిలబడిపోతాడు. పైకి అమ్మ ఒక్కతే వెళ్తుంది. గదిలోకి అడుగు పెట్టగానే ఆమె చేసే మొదటి పని ఊడవడం. ఊడ్చిన గదే అయినా మళ్లీ ఊడుస్తుంది. కిటికీ గడియ వేసి తీసి చూస్తుంది. కుళాయి తిప్పుతుంది. పక్క మంచం పిల్ల ఎవరో కనుక్కుంటుంది, వాళ్లమ్మతో నంబర్లు మార్చుకుంటుంది, మురుకులు సగం ఆ పిల్లకు పోస్తుంది. "ఇద్దరు కలిసి తినుండ్రి, ఒకళ్లకొకళ్లు పైలం."

పక్క గదిలో ఇంకో కుటుంబం. తండ్రి దుబాయిలో ఉన్నాడు, వీడియో కాల్లో వచ్చాడు. నెత్తిన హెల్మెట్, వెనక సగం లేచిన బిల్డింగు. "మంచం సూపియ్యి. ఫ్యాన్ తిరుగుతుందా? కిటికీకెల్లి ఏం కనవడ్తుంది?" తల్లి ఫోన్ను గది నాలుగు మూలలా తిప్పింది. కింద మెట్ల దగ్గర నిలబడ్డ తండ్రి కన్నా దుబాయి తండ్రే ఆ గదిని బాగా చూశాడు! నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల్లో ఇల్లు వదిలి పోవడమంటే ఇన్నాళ్లూ గల్ఫ్ విమానమే. కూతురు చదువు కోసం ఇల్లు వదలడం ఆ ఇంట్లో ఇదే మొదటిసారి.

చెట్ల కింద సద్దులు విప్పారు. జొన్నరొట్టె, తొక్కు, పెరుగు. పిల్ల రెండు ముద్దలు తిని లేచింది. నాలుగింటికల్లా బస్సుల హడావిడి మొదలైంది. భైంసా, నిర్మల్, నిజామాబాద్. తండ్రి జేబులోంచి మడిచిన నోట్లు తీసి పిల్ల చేతిలో పెట్టి, ఎన్నో చూడకుండానే వెనక్కి తిరిగాడు. తల్లి మాత్రం చెప్పిందే మళ్లీ చెబుతోంది. నూనె పెట్టుకో, వానలో తడవకు, పండ్లు తిను. తాత ట్రంకు పెట్టె దిగి మనవరాలి నెత్తిన చెయ్యి పెట్టాడు. బస్సు కదిలింది.

ఆ రోజు ఆ క్యాంపస్‌లో కుటుంబాలకు దక్కిన మంచి అంతా మనుషుల చొరవ వల్ల దక్కింది. ఆగిన సీనియర్, అఫిడవిట్‌ను రెండు ముక్కల్లో విప్పి చెప్పిన గుమస్తా, కాకా అని పిలిచిన కుర్రాడు. వాళ్లు ఆ పూట సెలవు పెట్టి ఉంటే ఏమయ్యేది? విశ్వవిద్యాలయాలు ఈ పనిని అదృష్టానికి వదలకూడదు. తెలుగులో ఒక్క పేజీ కాగితం చాలు. వార్డెన్ ఎవరు, జ్వరమొస్తే ఎక్కడికి, ఎప్పుడు చూడవచ్చు, ఫిర్యాదు ఎవరికి, ఏ నంబరుకు. చదువురాని తల్లికి దాన్ని చదివి వినిపించడానికి ప్రతి బల్ల దగ్గర ఒక సీనియర్. గేటు బయట తాతలకు నాలుగు కుర్చీలు, మంచినీళ్లు. ఫ్లెక్సీకయ్యే ఖర్చులో ఇవన్నీ వస్తాయి.

ఈ ఏడు మీ ఇంటి నుంచి ఎవరైనా వెళ్తుంటే పరుపు, బకెట్టు సర్దడం ఎలాగూ మరచిపోరు. తిరుగు బస్సు ఎక్కేముందు వార్డెన్ నంబరు అడిగి తీసుకోండి. అక్కడ ఉండగానే ఒకసారి మోగించి చూసుకోండి.