చెన్నైకి ఒకే మాట: తణ్ణి

పోయిన సంక్రాంతికి మన బ్యాచ్ వాళ్లం కలిసినప్పుడు ఒక మిత్రుడు చిన్న ఆట పెట్టాడు. ఎవరుంటున్న పట్నం గురించి వాళ్లు ఒక్క మాటలో చెప్పాలి. బెంగుళూరు వాడు "సిగ్నల్" అన్నాడు. హైదరాబాదు వాడు బిర్యానీ అనబోయి, అది అందరూ అనేదేనని, "నక్కో" అన్నాడు. ముప్పై ఏండ్లుగా చెన్నైలో ఉన్న నేను "తణ్ణి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అరవంలో ఆ మాటకు మందు అనే అర్థం కూడా ఉందని సినిమాల పుణ్యమా అని మనవాళ్లకు తెలుసు. ఆ రోజు నేనేమీ వివరించలేదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఇదే రాయాలనిపించింది. ఎందుకంటే ఆ మాటలో మన వెలుగోడు కూడా ఉంది.

తణ్ణి అంటే నీళ్లు. తణ్, నీర్ కలిసి తణ్ణీర్, అంటే చల్లని నీరు. మన చన్నీళ్లు కూడా ఇట్లా పుట్టినదే. తన్నీరు మన దగ్గర ఇంటిపేరుగా మిగిలింది. అక్కడ ఎవరినైనా తిప్పలు పెట్టడాన్ని "తణ్ణి చూపించడం" అంటారు. మనం మూడు చెరువుల నీళ్లు తాగించాడని అన్నట్టు.

నేను 1994లో ఉద్యోగానికి పోయినప్పుడు అది ఇంకా మద్రాసే. ఒక పాత ఇంట్లో వెనుక వాటా అద్దెకు తీసుకున్నాను. మొదటి రోజు తెల్లవారుజామున 3 గంటలకు వీధిలో గలగలా చప్పుడైతే దొంగలేమో అనుకొని లేచాను. ఆడవాళ్లు ఎర్రవీ పచ్చవీ ప్లాస్టిక్ బిందెలు వరుసగా పెట్టి చేతిపంపు కొడుతున్నారు. "తణ్ణి వందుచ్చా?" నీళ్లు వచ్చాయా? నేను నేర్చుకున్న మొదటి అరవ వాక్యం ఇదే. ఇంటి యజమానురాలైన పాట్టి నన్ను "తంబీ" అని పిలిచి, అద్దె సంగతి కంటే ముందు ఎన్ని బిందెలు నావో, ఎన్ని తనవో తేల్చింది. లారీ వచ్చిన రోజు ఆఫీసులో సగంమంది ఆలస్యంగా వచ్చేవాళ్లు. కారణం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఈ తిప్పలు ఆ ఊరికి పుట్టుకతో వచ్చినవి. 1639లో ఇంగ్లీషువాళ్లు సముద్రపు ఒడ్డున స్థలం సంపాదించారు గాని అక్కడ ఏడాది పొడుగునా పారే నది లేదు. కూవం, అడయార్, కొసస్తలై మూడూ వానాకాలపు నదులే. ఆ వాన కూడా ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యనే కురవాలి. కోటకు నీళ్ల కోసం 1772లో బావులు తవ్వారు. ఆ పేటను ఈనాటికీ సెవెన్ వెల్స్ అంటారు. ఆ తరువాత వందేండ్లకు రెడ్ హిల్స్ చెరువు నుంచి నీళ్లు తెచ్చారు. అదీ చాలక 1944లో పూండి జలాశయం కట్టారు. ఊరు పెరిగేకొద్దీ నీళ్ల కోసం ఇంకా దూరం పోవలసి వచ్చింది. చివరికి కృష్ణ దాకా వచ్చింది.

1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాలలో నుంచి తలా 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీలు మద్రాసుకు ఇస్తామన్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల కాలంలో ఒప్పందం కుదిరి అది తెలుగుగంగ అయింది. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. సోషల్ సారు బోర్డు మీద శ్రీశైలం నుంచి ఒక గీత గీసి, "ఈ చుక్క మన ఊరు" అన్నాడు. పటంలో వెలుగోడును చూడడం మాకు అదే మొదలు.

నేను ఫ్యాక్టరీ ఇంజనీరును, నీటిపారుదల నా పని కాదు. అయినా ఆ గీతను తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, పూండిది 140. నడుమ సుమారు 400 కిలోమీటర్లు. పోతిరెడ్డిపాడు, బనకచెర్ల దాటి మన వెలుగోడు జలాశయంలో ఆగి, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు మీదుగా, ఎక్కడా మోటారు లేకుండా, వాలును పట్టుకొని నీళ్లు వాటంతట అవే పోతాయి. దారిలో మన పొలాలూ తడుస్తాయి. ఆవిరికి 3 టీఎంసీలు తీసేసి సరిహద్దులో 12 ఇవ్వాలని లెక్క. లెక్క ప్రకారం పూర్తిగా అందిన ఏండ్లు అరుదు.

జలాశయం గాలేరు మీద కట్టారు. సుమారు 17 టీఎంసీలు పట్టే ఆ నీళ్ల కింద మా చిన్నాయన 3 ఎకరాల మడి ఉంది. బర్రెలు ఈదిన మడుగు, గట్టు మీద ఉండిన రెండు చింతచెట్లు అన్నీ అక్కడే ఉన్నాయి. పరిహారం వచ్చింది, ఖర్చయింది. ఆ డబ్బుతో మళ్లీ అంత మడి రాలేదు. ఆయన చాలా ఏండ్లు కట్ట వైపు పోలేదు.

మద్రాసు చెన్నై అయిన 1996లోనే కృష్ణ నీళ్లు మొదటిసారి పూండి చేరాయి. పాట్టి పేపరు చూపించి, "మీ ఊరి నీళ్లంట కదా తంబీ" అంది. మా చిన్నాయన సంగతి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఆ నెల నుంచి నా వంతుకు ఒక బిందె ఎక్కువ వదిలింది.

ఆ తరువాత ఆ ఊరు రెండు చివరలూ చూసింది. 2015 డిసెంబరులో తణ్ణి ఇండ్లలోకి వచ్చింది. 2019లో చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తెచ్చారు. రెండుసార్లూ నేను అక్కడే ఉన్నాను.

చిన్నాయన ఒక్కసారే మా ఇంటికి వచ్చాడు, కంటి ఆపరేషన్‌కు. అన్నం తిన్నాక మా ఆవిడ గ్లాసుతో నీళ్లిస్తే, "ఇవి మనయేనా?" అని అడిగాడు. కావు, అవి కొనే క్యాను నీళ్లు. వంటింట్లోకి పిలుచుకపోయి మెట్రో వాటర్ కొళాయి తిప్పాను. అన్ని చెరువుల నీళ్లూ కలిసి వస్తాయి కాబట్టి ఏ చుక్క ఎక్కడిదో ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఆ మాట నేను చెప్పలేదు. ఆయన దోసిలి పట్టి తాగాడు.

"బ్లీచింగ్ వాసనొస్తాంది అబ్బీ" అని, మళ్లీ దోసిలి పట్టాడు.