స్నోబాల్‌ని ఎక్కించుకోని బస్సు

తుపాను వస్తోంది, ఊరు ఖాళీ చేయమన్నారు, బస్సు రెడీగా ఉంది. కానీ మీ కుక్కని మాత్రం ఎక్కించుకోం అంటున్నారు. మీరైతే ఎక్కుతారా, ఆగిపోతారా? 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ జనానికి నిజంగానే ఎదురైన ప్రశ్న ఇది.

ఆగస్టు 28, ఆదివారం. కత్రినా హరికేన్ వచ్చేస్తోంది, అందరూ వెళ్లిపోవాల్సిందే అని మేయర్ రే నాగిన్ ఆర్డర్ ఇచ్చాడు. కార్లున్నవాళ్లు వెళ్లిపోయారు. లేనివాళ్లలో చాలామంది సూపర్‌డోమ్ అనే స్టేడియంలో తలదాచుకున్నారు. మర్నాడు తుపాను తీరం దాటింది, కరకట్టలు తెగాయి, ఊళ్లో దాదాపు 80 శాతం నీళ్లపాలైంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు.

తర్వాత సూపర్‌డోమ్‌లో ఉన్నవాళ్లని బస్సుల్లో హ్యూస్టన్ పంపించారు. జంతువులకి మాత్రం పర్మిషన్ లేదు. ఒక చిన్న పిల్లాడి చేతుల్లోంచి పోలీసు కుక్కని లాగేసుకుంటే, వాడు 'స్నోబాల్, స్నోబాల్' అంటూ వాంతి అయ్యేదాకా ఏడ్చాడని అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. ఆ వార్త దేశమంతా తిరిగింది.

అయితే అసలు విషయం ఆ ఏడుపు కాదు. 2006లో ఫ్రిట్జ్ ఇన్‌స్టిట్యూట్ సర్వే చేస్తే, ఊరు వదలనివాళ్లలో 44 శాతం మంది పెంపుడు జంతువుల్ని వదల్లేకపోవడం కూడా ఒక కారణమని చెప్పారు. నేను కోడ్ రాసే రోజుల్లో ఇలాంటివాటిని 'ఎడ్జ్ కేస్' అని పక్కన పెట్టేవాళ్లం. 44 శాతం ఎడ్జ్ కేస్ ఏంటండీ! కుక్కకి చోటు లేదంటే మనిషీ కదలడు. అంటే ఇది జంతుప్రేమ టాపిక్ అనుకుంటాం గానీ, మనుషుల ప్రాణాల టాపిక్.

అమెరికన్ కాంగ్రెస్‌కి ఆ సంగతి అర్థమైంది. ప్రతినిధుల సభలో 349–24 ఓట్లతో బిల్లు పాసైంది, 2006 అక్టోబర్ 6న బుష్ సంతకం పెట్టాడు. దాని పేరు పెట్స్ యాక్ట్. రాష్ట్రాలు, ఊళ్లు వేసుకునే విపత్తు ప్లాన్లలో పెంపుడు జంతువుల సంగతి కూడా ఉండేలా ఫెమా అనే సంస్థ చూడాలి. (ఈ చట్టం ప్రకారం హోటళ్లు కుక్కల్ని రానివ్వాల్సిందే అని అక్కడ తుపాను వచ్చినప్పుడల్లా ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. అబద్ధం. చట్టంలో అలాంటిదేం లేదు.)

ఫెమా లిస్టులో కుక్క, పిల్లి, పక్షి, కుందేలు, తాబేలు కూడా ఉన్నాయి. పాములు, చేపలు, గుర్రాలు, పాడి పశువులు లేవు. ఇక్కడే మన కథ వేరు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది మనుషులతో పాటు లెక్కలేనన్ని పశువులూ పోయాయి. తుపాను హెచ్చరిక రాగానే పశువుల కట్లు విప్పేయండి అని ఇప్పుడు చెప్తున్నారు. గేదెని షెల్టర్‌లోకి తీసుకెళ్లలేం కదా, కనీసం పలుపుతాడు దాని ప్రాణం తీయకూడదు.

ఇక కత్రినాలో బతికిన కుక్కల సంగతి. గొంజాలెస్ అనే ఊళ్లో లామార్-డిక్సన్ ఎక్స్‌పో సెంటర్‌లో వాటిని వేల సంఖ్యలో ఉంచారు. అక్కణ్నుంచి ఇతర రాష్ట్రాలకి పంపారు, కొత్తవాళ్లు పెంచుకున్నారు. పాత ఓనర్లు వెతుక్కుంటూ వచ్చి 'ఇది నాదే' అంటే రుజువేది? కొన్ని గొడవలు కోర్టుల దాకా వెళ్లాయి.

అందుకే మీ కుక్కతోనో పిల్లితోనో మీరు కలిసున్న ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. దాని ఒంటి మీద మచ్చలు కనపడాలి. రేబిస్ టీకా కార్డు ఫొటో కూడా. ఫోన్ తడిసిపోతే కష్టం కాబట్టి రెండూ వేరే ఊళ్లో ఉన్న బంధువుకి ఇప్పుడే వాట్సాప్ చేసేయండి. మెడపట్టీ మీద మీ నంబర్ రాయండి. పిల్లులు బుట్టలో కూర్చోవడానికి నానా రభస చేస్తాయి, ఆ అలవాటు ఎండలున్నప్పుడే చేయించాలి. వారానికి సరిపడా తిండి, మందులు ఒక సంచిలో పెట్టుకోండి. మరీ ముఖ్యంగా, మీ దగ్గర్లోని పునరావాస కేంద్రం జంతువుల్ని రానిస్తుందా అని తహసీల్దార్ ఆఫీసులో ముందే అడగండి. కాదంటే మిట్ట మీదున్న ఏ చుట్టాలింట్లో దించాలో ఇవాళే మాట్లాడుకోండి. బస్సు వచ్చాక మాట్లాడుకునే టైమ్ ఉండదు.