తెరచాప ఓడపై సముద్ర పాఠాలు

1858 మార్చి 26న ఆస్ట్రియా నౌకాదళ ఓడ నొవారా నికోబార్ దీవుల నుంచి లంగరెత్తింది. మార్చి వచ్చిందంటే నాకు ఆ తెరచాపలే గుర్తొస్తాయి.

అంతకు ముందు శతాబ్దాల్లో నికోబార్ గురించి దొరికే రాతలు తక్కువ. రాజేంద్ర చోళుడి తంజావూరు శాసనంలో మానక్కవారమని ఒక ప్రస్తావన. 1756లో డేన్లు జెండా పాతారు. జ్వరాలకు తాళలేక మళ్లీమళ్లీ ఖాళీ చేసి, 1848లో దీవులను వదిలి వెళ్లారు.

నొవారా 1857 ఏప్రిల్ 30న ట్రియెస్టె నుంచి బయల్దేరింది. కుర్ర అధికారులకు, కేడెట్లకు ప్రపంచ సముద్రాలే బడి కావాలన్నది ప్రధాన ఉద్దేశం. వాళ్లతో ఏడుగురు పండితులు, కళాకారులు ఎక్కారు. వృద్ధ శాస్త్రవేత్త హంబోల్ట్ సూచనలు రాసి పంపాడు. మద్రాసు మీదుగా వచ్చి 1858 ఫిబ్రవరి 23న కార్ నికోబార్ చేరారు. అక్కడి నుంచి తిలంగ్‌చాంగ్, నాన్‌కౌరి, గ్రేట్ నికోబార్.

నొవారాకు ఆవిరి యంత్రం లేదు. గాలి పడిపోతే ఓడ కదలదు. నావికుడికి అది విసుగు, జంతుశాస్త్రవేత్తకు వరం. సన్నకన్నుల వలను నెమ్మదిగా లాగితేనే నలుసంత జీవులు నలగకుండా చేతికొస్తాయి. ఆటు సమయంలో పగడపు దిబ్బల మీద నడిస్తే పీతలు, గవ్వలు. పట్టినదాన్ని సారాలో వేసి, దొరికిన చోటు రాసి కట్టాలి. ఆ చీటీ లేని సీసాతో శాస్త్రానికి పెద్దగా పనిలేదు. ఆ ఏడుగురిలో ఫ్రావెన్‌ఫెల్డ్, జెలెబోర్ జంతువులను చూసుకున్నారు, సెల్లెనీ బొమ్మలు గీశాడు. తర్వాత క్నెర్ చేపలను, హెల్లర్ పీతల జాతిని వర్ణించి గ్రంథాలు తెచ్చేసరికి 1865 దాటింది.

నొవారా నికోబార్‌లో ఉన్న ఆ 1858 మార్చి 10నే అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) బ్రిటిష్ వారు రెండు వందల మంది తిరుగుబాటు ఖైదీలను దించారు. ఒకే సముద్రంలో, ఒకే నెలలో! తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

తర్వాత ఇన్వెస్టిగేటర్ అనే ఆవిరి ఓడపై డాక్టర్ ఆల్కాక్ అండమాన్ లోతులు దేవాడు. 1999లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పోర్ట్ బ్లెయిర్‌లో సముద్ర జీవశాస్త్ర విభాగం తెరిచింది. శ్రీకాకుళం, విశాఖ నుంచి వలసొచ్చిన మన జాలర్లు ఆ ఊళ్లోనే బతుకుతున్నారు. చేపల సంగతి వాళ్లనడిగినా చాలా తెలుస్తుంది. 2004లో సునామీ తెచ్చిన భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొసనున్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 2021లో అదే దీవిలోని గలతియా అఖాతం అభయారణ్య హోదా పోయింది. అక్కడ ఓడరేవు కట్టాలని యోచన. తోలువీపు తాబేళ్లు గుడ్లు పెట్టే ఆ తీరానికి 1846లో వచ్చిన డేనిష్ తెరచాప ఓడ పేరే ఉంది.

మన నౌకాదళానికి తరంగిణి అనే తెరచాప శిక్షణ ఓడ ఉంది. ఏటా ఒక్క ఋతువైనా పోర్ట్ బ్లెయిర్ విద్యార్థులను ఎక్కించుకుని గలతియా దాకా వెళ్లాలి. ఓడరేవు పనులు తీరాన్ని మార్చకముందే అక్కడి పీతలకూ తాబేళ్లకూ మన పిల్లల చేతిరాతతో చీటీలు కట్టించాలి.